తెలుగువారి సంఖ్యామానం: పదులు, నాలుగులు

తెలుగులో లెక్క చెప్పే పద్ధతి ఒకటి కాదు, రెండు. వస్తువులను ఒక్కొక్కటిగా ఎంచునప్పుడు పది, నూరు, వేయి అని పదులలో ఎక్కుతాము. ఒకే వస్తువును భాగాలు చేసి చెప్పవలసి వచ్చినప్పుడు పాతిక, వీసం, కాని అని నాలుగులలో దిగుతాము. ఎక్కే మెట్లు వేరు, దిగే మెట్లు వేరు. ఈ రెండింటికీ పొత్తు కుదరని చోటనే మన కొలతలలోను, నాణేలలోను, కాలగణనలోను చిక్కులు ఏర్పడినవి.

అంతేకాదు. ఏ సంఖ్యను పలికినను అందులో సగమే నోట వస్తుంది. “రెండు” అన్నంత మాత్రాన అర్థం పూర్తి కాదు. ఏమి రెండు, ఎన్నింటిలో రెండు, ఎంత కాలానికి రెండు అన్నది వినేవానికి తెలుసునన్న నమ్మకంతో చెప్పకుండా వదిలివేస్తాము. ఆ చెప్పని సగాన్ని లోకం మరచిపోయిన నాడు సంఖ్య మిగులుతుంది గాని లెక్క మిగలదు. దీనికి నిదర్శనాలు చూపడానికి పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి సీమ అనువైన చోటు. కలకడ, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఊళ్ళున్న ఈ ప్రాంతం తెలుగు, కన్నడ, తమిళ భాషలు ఒకదానినొకటి తాకే మూల. కాబట్టి ఒకే మాట మూడు లెక్కలకు లోబడటం ఇక్కడ కనబడుతుంది.

పదులలో ఎక్కడం

ఒకటి మొదలు నూరు వరకు గల తెలుగు సంఖ్యలు ప్రధాన ద్రావిడ భాషలకు ఉమ్మడి సొత్తు. ఇరవై అంటే రెండు పదులు, ముప్పై అంటే మూడు పదులు. ఇరు, ము అనే ఈ చిన్న రూపాలే ఇద్దరు, ముగ్గురు అనే మాటలలోను ఉన్నవి. తొమ్మిది, తొంభై అనే మాటలు మాత్రం వేరు పోకడ గలవి. ఇవి “పదికి తక్కువ”, “నూటికి తక్కువ” అనే భావంతో పుట్టినవని భాషాశాస్త్రజ్ఞుల అభిప్రాయం. నిండుటకు ఒక్కటి కొరవైన దానిని, నిండిన దానితో పోల్చి చెప్పడం ఈ పద్ధతి.

వేయి దగ్గర తెలుగు తన పొరుగు భాషలతో విడిపోతుంది. తమిళంలోని ఆయిరం, కన్నడంలోని సావిర సంస్కృత సహస్రం నుండి వచ్చినవని పండితులు చెబుతారు. తెలుగు వేయి మాత్రం అచ్చమైన దేశ్యపదమని వారి నిర్ణయం. ఆ పైన లక్ష, కోటి సంస్కృతం నుండి తెచ్చుకొన్నవే.

పెద్ద సంఖ్యలపై తెలుగువారికి గల మక్కువకు పావులూరి మల్లన గణితం సాక్ష్యం. తొమ్మిదవ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని మల్లన తెలుగు చేసినాడు. చదరంగపు బల్లమీది 64 గళ్ళలో మొదటిదానిలో ఒక గింజ, తరువాత గడిగడికీ రెట్టింపు చొప్పున పోసుకొంటూ పోతే మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు అవుతవి. ఈ 20 అంకెల సంఖ్యను ఒక పద్యంలో ఇమిడ్చిన ఘనత మల్లనకు చెప్పబడుతున్నది. బాణంతో మొదలై చంద్రునితో ముగిసే ఆ మాటల వరుసలో బాణం అంటే 5 (మన్మథుని బాణాలు అయిదు గదా), చంద్రుడు అంటే 1. అంకెలను కుడి నుండి ఎడమకు పేర్చుకోవలెను. ఇక్కడ చెప్పని సగం పురాణజ్ఞానం. అది తెలియనివానికి ఆ పద్యం ఉత్త మాటల పోగు.

నాలుగులలో దిగడం

భాగాల సంగతి వేరు. కాలు అనే మాటకు శరీరావయవమనీ, నాల్గవ వంతు అనీ రెండు అర్థాలు కలవు. పశువుకు నాలుగు కాళ్ళు. ఒక కాలు మొత్తంలో నాల్గవ వంతు. సంస్కృతంలో పాదం అనే మాటకూ ఈ రెండు అర్థాలే ఉన్నవి. ఆ పాదమే ప్రాకృతాలలో నలిగి పావు అయినది. తమిళ కన్నడాలలోనూ నాల్గవ వంతు కాలే, ముప్పాతిక ముక్కాలే. ఇంతవరకు మూడు భాషలకూ పేచీ లేదు.

పాతికలో నాల్గవ వంతు వీసం, అనగా 1/16. వీసంలో నాల్గవ వంతు కాని, అనగా 1/64. ధాన్యపు కొలతలూ ఈ దారినే నడిచినవి. నాలుగు గిద్దెలు ఒక సోల. నాలుగు సోలలు ఒక మానిక. నాలుగు మానికలు ఒక కుంచం. నాలుగు కుంచాలు ఒక తూము. పాత్రల పరిమాణం సీమసీమకూ మారినను ఈ నాలుగుల వరుస చాలా చోట్ల నిలిచినది. మానికకు గిద్దె వీసమైతే కుంచానికి గిద్దె కాని అవుతుందన్నమాట. తూము దాటిన తరువాత 20 తూములు ఒక పుట్టి అని మళ్ళీ పదుల లోకంలోకి వస్తాము. నాలుగు వస్తువుల గుంపుకు పుంజీడు అనే ప్రత్యేకమైన పేరే తెలుగులో ఉన్నది.

నాలుగే ఎందుకు? త్రాసు, గరిసె, చేతి గుడ్డ, రొట్టెముక్క దేనినైనను సరిసమానంగా రెండు చేయడం సులభం. రెండింటినీ మళ్ళీ రెండేసి చేస్తే నాలుగు. అయిదు సమభాగాలు చేయడానికి కొలబద్ద కావలెను. నాలుగు చేయడానికి కన్ను చాలును. కొలబద్ద లేని బజారులో సగం, సగంలో సగం అన్నదే అందరూ ఒప్పుకొనే న్యాయం.

ఈ భాగాలను వ్రాయడానికి తెలుగు కరణాలు వేరే అంకెలు వాడినారు. పాతికలను నిలువు గీతలతోను, వీసాలను అడ్డగీతలతోను, కానులను మళ్ళీ నిలువు గీతలతోను వ్రాసేవారు. గీత తిరిగే దిక్కును బట్టి అది ఏ స్థానమో తెలుస్తుంది. ఉదాహరణకు మూడు నిలువు గీతలు, రెండు అడ్డగీతలు, ఒక నిలువు గీత వరుసగా ఉన్నవనుకొందాము. మూడు పాతికలు 48/64, రెండు వీసాలు 8/64, ఒక కాని 1/64, వెరసి 57/64. స్థానం ఖాళీగా ఉన్నచోట పెట్టే సున్నకు హళ్ళి అనే పేరు ఉన్నది. ఇది పది మూలంగా గాక నాలుగు మూలంగా గల సంపూర్ణమైన స్థానపద్ధతి. ప్రాచీన చైనాలో లెక్కపుల్లలను స్థానం మారిన కొద్దీ నిలువుగా, అడ్డంగా మార్చి పేర్చేవారు. ఆ ఉపాయమే ఇక్కడ వేరొక అవసరానికి కనబడటం ముచ్చటైన విషయం. ఈ గుర్తులకు 2008లో యూనికోడ్ పట్టికలో చోటు దొరికినది. వాటిని చదవగలవారు మాత్రం అంతకు ఎంతో ముందే అరుదైపోయినారు.

ఇక పేచీ వచ్చే చోటు చూడవలెను. తెలుగు కాని 1/64. తమిళుల పాత లెక్కలో అదే మాట, కాణి, 1/80. ఏలయనగా వారి భాగాల వరుసలో ఇరవయ్యవ వంతు కూడ కలిసి ఉన్నది. కుప్పం దాటి తమిళసీమలో అడుగుపెట్టగానే ఒకే మాట విలువ అయిదింట ఒక వంతు తగ్గుతుందన్నమాట. పలికిన మాట మారలేదు; చెప్పని సగం మారినది.

రాజ్యాల పేర్లలో సంఖ్యలు

చెప్పని సగం పూర్తిగా మరపున పడిన సందర్భం శాసనాలలో ఉన్నది. రేనాటి చోళుల సీమను శాసనాలు రేనాడు ఏడువేలు అన్నవి. దానికి పడమట నొళంబవాడి 32,000. కుప్పం పొరుగున కోలారు వైపు వ్యాపించిన గంగవాడి 96,000. కలకడ, చిప్పిలి స్థావరాలుగా ఈ సీమను ఏలిన వైదుంబ రాజుల కాలంలోనూ నాడులను సంఖ్యలతో పేర్కొనడం పరిపాటి. ఏడువేలు ఏమిటి? గ్రామాలా, పల్లెలతో కూడిన ఇళ్ళా, రాబడియా? వ్రాసినవానికీ విన్నవానికీ తెలిసిన సంగతి గనుక శాసనం చెప్పలేదు. చరిత్రకారులు నేటికీ వాదించుకొంటూనే ఉన్నారు. గంగవాడిలో 96,000 గ్రామాలు ఉండటం అసంభవమని మాత్రం ఎవరైనను ఊహించగలరు. సంఖ్య రాతిమీద చెక్కుచెదరకుండా ఉన్నది, లెక్క పోయినది.

తేదీ చెప్పడంలో చిక్కు

కమలాపురం తాలూకాలోని ఎర్రగుడిపాడులో దొరికిన ధనంజయుని శాసనం తెలుగు శాసనాలలో మిక్కిలి ప్రాచీనమైన వాటిలో ఒకటి. అందులో సంవత్సర సంఖ్య లేదు. అక్షరాల తీరును బట్టి పండితులు దానిని క్రీ.శ. 575 ప్రాంతానిదిగా నిర్ణయించినారు. తరువాతి కాలంలో శకవర్షాలు వచ్చినవి. తూర్పు చాళుక్య రాజరాజ నరేంద్రుని పట్టాభిషేక వత్సరాన్ని కోరుమిల్లి శాసనం వేదం, సముద్రం, నిధి అనే మాటలతో చెప్పినది. వేదాలు 4, సముద్రాలు 4, నిధులు 9. కుడి నుండి పేరిస్తే శకం 944. దానికి 78 కలిపితే క్రీ.శ. 1022. ఇక్కడ అంకె చెరిగినను మాట నిలుస్తుంది. ఛందస్సులో ఇమిడిన మాటను దిద్దడం, అంకెను దిద్దినంత సులభం కాదు. కాబట్టి ఈ పద్ధతిలో పాండిత్య ప్రకర్షతోపాటు భద్రత కూడ ఉన్నది.

సామాన్యుల పత్రాలలో ఈ భద్రత లేదు. ప్రభవ మొదలు అక్షయ వరకు గల 60 పేర్ల చక్రం తోనే వారి పని సాగేది. ప్రభవ 1867లో వచ్చినది. 1927లో మళ్ళీ వచ్చినది. 1987లో ఇంకొకసారి వచ్చినది. “ప్రభవ నామ సంవత్సర చైత్ర శుద్ధ తదియ” అని మాత్రమే ఉన్న భూమి పత్రం ఏ ప్రభవదో ఎట్లు తెలుస్తుంది? వ్రాసుకొన్న ఇరువురూ బ్రతికి ఉన్నంత కాలం సందేహం లేదు. మనుమల నాటికి 60 ఏండ్ల తేడా రావచ్చును. హక్కు ఎవరిదో తేల్చవలసిన చోట ఇది చిన్న విషయం కాదు. ఈ చిక్కును తీర్చడానికే, 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చి తెలుగు నేర్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు, కన్నడ సీమల కోసం సంవత్సర చక్రాల పట్టికలను 1850లో అచ్చు వేయించినాడు. ఆనాడు కలకడ, మదనపల్లె ప్రాంతాలు కడప జిల్లాలోనివే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినవి. తరువాత ఎల్. డి. స్వామికణ్ణు పిళ్ళై 1922లో ప్రకటించిన పంచాంగ సంపుటాలు శాసనాల తేదీలను పరీక్షించడానికి ప్రామాణికమైనవి. తిథితోపాటు వారమో, గ్రహణమో చెప్పి ఉన్నట్లయితే ఆ పట్టికలతో సరిచూచి ఏ చక్రంలోని సంవత్సరమో తేల్చవచ్చును.

తేదీలకు వాడే మాటలే ఒక చరిత్ర. పాడ్యమి, విదియ, తదియ, చవితి సంస్కృత సంఖ్యలు వాడుకలో అరిగి వచ్చిన రూపాలు. ఒకటో తారీఖు అనునప్పుడు ఒకటి తెలుగు, తారీఖు అరబ్బీ. రెవెన్యూ లెక్కలలోని ఫసలీ సంవత్సరం మొగలు పాలన విడిచిన గుర్తు. అది జూలై 1న మొదలవుతుంది. ఆ సంఖ్యకు 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. ఇన్ని లెక్కలను ఒక దారికి తేవలెనని మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో పంచాంగ సంస్కరణ సంఘం ఏర్పడినది. దాని సిఫారసు మేరకు జాతీయ పంచాంగం 1957 మార్చి 22న, శకం 1879 చైత్రం 1వ తేదీగా, అమలుకు వచ్చినది. ప్రభుత్వ పత్రాలలో అది నిలిచినది గాని ఇళ్ళలో తిథి తిథిగానే ఉండిపోయినది.

గడియ నుండి గంటకు

అడుగున సన్నని రంధ్రం గల గడియకుడుకను నీటిలో వదిలితే అది నిండి మునిగే కాలం ఒక గడియ. రోజుకు 60 గడియలు. కావున గడియకు 24 నిమిషాలు. రోజులో ఎనిమిదవ భాగం ఝాము, అంటే 3 గంటలు. గంట అన్నది మొదట మోగే వస్తువు పేరు. మోత కాలాన్ని తెలిపినది గనుక కాలానికే ఆ పేరు వచ్చినది. ఇందువల్ల తెలుగులో ఒక సందిగ్ధత ఏర్పడినది. “మూడు గంటలు” అన్నప్పుడు అది కాలపరిమితియా, గడియారం చూపే వేళయా అన్నది విభక్తి వల్లనో, సందర్భం వల్లనో గ్రహించవలెను.

ఒకటి దగ్గర మాత్రం తెలుగు జాగ్రత్తపడినది. పగటి వేళను “ఒకటి గంట” అనరు, ఒంటిగంట అంటారు. స్పానిష్ భాషలోనూ దాదాపు ఇట్టి ఏర్పాటే ఉన్నది. ఆ భాషలో వేళ చెప్పునప్పుడు ఒంటిగంటకు ఏకవచనం వాడి “లా ఉన” అనీ, రెండు మొదలు బహువచనం వాడి “లాస్ దోస్”, “లాస్ త్రెస్” అనీ అంటారు. మూడుంబావును “మూడూ పాతిక” అనీ, పావుతక్కువ నాలుగును “నాలుగు తక్కువ పాతిక” అనీ చెప్పడం స్పెయిన్ వాడుక. ఎన్నడూ పొరుగున లేని రెండు భాషలు గడియారం ముందు ఒకే రీతిని పలకడానికి కారణం స్పష్టం. 60 నిమిషాలను నాలుగుతో భాగించవచ్చును. పదుల పాలన ఎక్కడెక్కడికి విస్తరించినను గడియారం మీద మాత్రం పాతిక రాజ్యం చెక్కుచెదరలేదు.

వేళ సంఖ్యలోనూ చెప్పని సగం ఉన్నది: ఎక్కడి వేళ? గడియలు ఊరి సూర్యోదయం నుండి మొదలయ్యేవి గనుక ప్రతి ఊరికీ తన వేళ ఉండేది. రైళ్ళు వచ్చిన తరువాత మద్రాసు వేళ వ్యాపించినది. 1906 జనవరి 1న తూర్పు రేఖాంశం 82½ డిగ్రీల వేళ దేశమంతటికీ ప్రమాణమైనది. కలకడ సుమారు 78.8 డిగ్రీల మీద ఉన్నది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున తేడా దాదాపు 15 నిమిషాలు. గడియారం పన్నెండు కొట్టిన తరువాత సగటున పావుగంటకు గాని కలకడలో సూర్యుడు నడిమింటికి రాడు.

1957: పదులు నాలుగుల ఇంటికి వచ్చుట

పాత రూపాయి నాలుగుల లెక్కకు చక్కగా సరిపోయినది. రూపాయికి 4 పావలాలు, 16 అణాలు, 64 కానులు. రూపాయిలో అణా వీసం, పావలా పాతిక, కానికి పేరే కాని. పైన గీతలతో వ్రాసిన 57/64 రూపాయలు పన్నెండణాలు, ఒక బేడ, ఒక కాని.

1955 నాటి చట్టం ప్రకారం 1957 ఏప్రిల్ 1 నుండి రూపాయికి 100 నయాపైసలు అయినవి. పదులలో ఎక్కే లెక్క భాగాలలోనికి కూడ దిగినది. కూడికలు, శాతాలు సులువైనవి; పాఠశాల పిల్లలకు పెద్ద బరువు తగ్గినది. అయితే 100ను 16 సమభాగాలు చేయలేము. అణా విలువ 6¼ పైసలు. కావున మార్పిడి పట్టికలో అణాకు 6 పైసలు, బేడకు 12, మూడణాలకు 19, పావలాకు 25 అని నిర్ణయించినారు. అణా చొప్పున నాలుగుసార్లు కొన్నవాడు 24 పైసలు ఇస్తాడు. ఒకేసారి కొన్నవాడు 25 ఇస్తాడు. దుకాణదారు అణా సరుకు ధరను 7 పైసలకు పెంచితే నాలుగు సార్లకు 28 అవుతవి. ఒక్క పైసా తేడాయే గాని దినకూలికి బ్రతికే ఇంట్లో ఉప్పు, మిరపకాయ, నూనె అన్నీ అణాలలోనే కొనేవారు. గణితంలో మిగిలిన పావు పైసను చివరకు ఎవరో ఒకరు భరించవలసినదే. 1964 జూన్ 1 నుండి నయా అనే విశేషణం తొలగిపోయి పైసా మాత్రం నిలిచినది. 1956 నాటి తూనికలు కొలతల చట్టం సేరు, వీశల స్థానంలో కిలోగ్రామును దశలవారీగా తెచ్చినది.

స్పెయిన్‌లోనూ ఈ కథే జరిగినది. వారి వెండి పెసో 8 రెయాల్‌లకు సమానం; ఆ నాణేలు మనీలా వర్తకం ద్వారా మద్రాసు రేవుకూ వచ్చినవి. 1868లో స్పెయిన్ పెసేతాను ప్రమాణంగా స్వీకరించి దానిని 100 సెంతిమోలుగా భాగించినది. పాత లెక్కలో పెసేతాకు 4 రెయాల్‌లు. రెయాల్ నాణెం పోయిన తరువాత కూడ జనం 25 సెంతిమోలను రెయాల్ అనే పిలిచినారు. ఇక్కడ 25 పైసలను పావలా అన్నట్లే. 2002లో పెసేతా నోట్లు, నాణేలు పోయి యూరోలు వచ్చినవి. ఇక్కడ 25 పైసల నాణెం 2011 జూన్ 30తో చెలామణి నుండి తొలగినది.

నాణెం పోయినను మాట పని చేస్తున్నది

పావలా నాణెం లేకపోయినను పావలా వడ్డీ అనే మాటను తెలుగు పల్లెలలో ఎరుగనివారు లేరు. స్వయంసహాయక సంఘాల మహిళలకు 3 శాతానికి మించిన వడ్డీని ప్రభుత్వం భరించే పథకానికి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఆ పేరే పెట్టినారు. పావలాకు, 3 శాతానికి సంబంధం ఏమిటి? పల్లె లెక్కలో వడ్డీ అంటే నూటికి, నెలకు. నూటికి నెలకు పావలా అయితే ఏడాదికి పన్నెండు పావలాలు, అనగా 3 రూపాయలు.

ఈ “నూటికి, నెలకు” అన్నదే ఇక్కడ చెప్పని సగం. ఊరి అప్పులో “రెండు రూపాయల వడ్డీ” అంటారు. బ్యాంకులో “12 శాతం” అంటారు. వినడానికి రెండు చిన్నది, పన్నెండు పెద్దది. పదివేల రూపాయల అప్పు మీద రెండు రూపాయల వడ్డీ నెలకు 200, ఏడాదికి 2,400. పన్నెండు శాతం వడ్డీ అదే అప్పుకు ఏడాదికి 1,200 మాత్రమే. చిన్నగా వినిపించిన రెండు, పన్నెండుకు రెట్టింపు. బాకీదారు మోసపోవడానికి ఎవరూ అబద్ధం ఆడనక్కరలేదు. ఒకరు నెల లెక్కను, ఒకరు ఏడాది లెక్కను మనసులో పెట్టుకొని మాట్లాడితే చాలును.

గంగవాడి 96,000 ఏమిటో నేడు ఎవరికీ నష్టం కలిగించే ప్రశ్న కాదు. ప్రభవ ఏ ప్రభవ అన్న ప్రశ్న కొన్ని కుటుంబాల భూమిని తారుమారు చేయగలిగినది. వడ్డీ ఎంత కాలానికి అన్న ప్రశ్న నేటికీ ప్రతి సంతకం వెనుకా ఉన్నది. అప్పు పత్రం మీద వడ్డీ అంకె పక్కన “నూటికి, నెలకు” అనిగాని, “నూటికి, ఏడాదికి” అనిగాని రెండు మాటలు వ్రాయించుకొంటే ఆ సంఖ్య పూర్తి అవుతుంది.